"రోజూ తాగుతారా?" అంటే దొరకనివాళ్లు: పీహెచ్‌సీలో మత్తునూ దిగులునూ పసిగట్టడం ఎలా

ఆశా కార్యకర్త ఇంటింటికీ పట్టుకొచ్చే సీబ్యాక్ ఫారంలో మద్యం గురించి ఒకే ప్రశ్న ఉంటుంది: రోజూ మద్యం తాగుతారా? అవునంటే ఒక మార్కు, కాదంటే సున్నా. ముప్పై దాటినవాళ్లలో బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పు ఎవరికి ఎక్కువో ముందుగా ఏరడానికి చేసిన ఫారం కాబట్టి ఆ పనికి అది సరిపోతుంది. తాగుడును పట్టుకోవడానికి మాత్రం సరిపోదు. వారమంతా తాపీపని చేసి, కూలి చేతికందిన రోజు హాఫ్ బాటిల్ ఒక్కడే పూర్తిచేసే మనిషి ఆ ప్రశ్నకు 'లేదు' అనే చెబుతాడు. అందులో అబద్ధమేమీ లేదు. అతను రోజూ తాగడు.

అదే మనిషిని ఆడిట్-సి అనే మూడు ప్రశ్నలు అడిగి చూడండి. ఎంత తరచుగా తాగుతారు? నెలకు నాలుగుసార్లు, 2 మార్కులు. తాగిన రోజు ఎన్ని డ్రింకులు? పదికి పైనే, 4 మార్కులు. ఒకే కూర్చోవడంలో ఆరు డ్రింకులో, అంతకంటే ఎక్కువో తాగడం ఎంత తరచు? ప్రతి వారం, 3 మార్కులు. మొత్తం 12కి 9. మగవాళ్లలో 4, ఆడవాళ్లలో 3 దాకా వస్తేనే ఇంకా లోతుగా అడగాలన్నది లెక్క. ఒక ఫారంలో సున్నా వచ్చిన మనిషికి ఇంకో ఫారంలో తొమ్మిది వచ్చింది. బైక్ ప్రమాదాలు, ఇంట్లో కొట్లాటలు, తెల్లారి పనికి పోలేకపోవడం లాంటివి ఎక్కువగా ఇలాంటి తాగుడు చుట్టూనే తిరుగుతాయి.

స్క్రీనింగ్ అంటే జబ్బు నిర్ధారణ కాదు. ఓపీలో కూర్చున్న అందరిలో ఎవరితో ఇంకో పది నిమిషాలు మాట్లాడాలో తేల్చుకునే జల్లెడ. జల్లెడ కన్ను ఎంత ఉండాలన్నది ఒక సమస్య. జల్లెడలో నిలిచినవాళ్లను ఏం చేయాలన్నది రెండోది, అసలైన కష్టం అక్కడే ఉంది. మన దగ్గర చాలా కార్యక్రమాలు మొదటిదాని మీదే శిక్షణ ఇచ్చి ఆగిపోతాయి.

డ్రింకు లెక్క తప్పితే అంతా తప్పే

ఆడిట్ ప్రశ్నల్లో డ్రింకు అంటే 10 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. రోగి దీన్ని లెక్కగట్టడు, అడిగేవాళ్లే గట్టాలి. మన విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో ఆల్కహాల్ 42.8 శాతం. కాబట్టి 30 మిల్లీలీటర్లు ఒక డ్రింకు, 180 క్వార్టర్ ఆరు డ్రింకులు, 375 హాఫ్ పన్నెండుకు పైన. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 సీసా ఒక్కటే నాలుగు డ్రింకులు. 5 శాతం లైట్ బీరైతే రెండున్నర. "బీరే కదా సార్" అనే మాట ఓపీలో తరచూ వినబడుతుంది. రెండు స్ట్రాంగ్ బీర్లు తాగినవాడు క్వార్టర్ తాగినవాడిని దాటేశాడని అతనికీ తెలియదు, చాలాసార్లు అడిగే నర్సుకూ తెలియదు.

"ఎన్ని పెగ్గులు?" అని అడగడం ఇంకో పొరపాటు. బార్‌లో కొలిచే పెగ్గు వేరు, ఇంట్లో స్టీలు గ్లాసులో పోసుకునే పెగ్గు వేరు. సీసా పేరుతోనే అడగాలి: "తాగిన రోజు క్వార్టర్‌తో అవుతుందా అన్నా, హాఫ్ దాకా పోతదా?" పెద్ద అంకెతో మొదలుపెడితే చిన్న అంకె చెప్పడం సులువవుతుంది. "తాగుతారా?" అని మొదలుపెడితే జవాబు "అప్పుడప్పుడూ" దగ్గరే ఆగిపోతుంది. నాటుసారా, గుడుంబా విషయంలో శాతం ఎవరికీ తెలియదు కాబట్టి డ్రింకుల లెక్క పక్కనపెట్టి, తాగాక ఏం జరుగుతోందన్నది అడగడమే మేలు.

ఆడిట్-సి గీత దాటితే పూర్తి ఆడిట్, అంటే పది ప్రశ్నలు, 40 మార్కులు. 8 నుంచి 15 వరకు ప్రమాదకరమైన తాగుడు. 16 నుంచి 19 అంటే హాని జరుగుతోంది. 20, ఆపైన వస్తే వ్యసనం ఉందేమోనని వెతకాలి. ఈ గీతలకు ప్రాణం పోసేది నాలుగు నుంచి ఆరు వరకు ఉన్న ప్రశ్నలు: మొదలుపెడితే ఆపలేకపోవడం, తాగుడు వల్ల చేయాల్సిన పని ఎగ్గొట్టడం, పొద్దున్నే ఒక గుక్క పడితేగానీ చేతులు స్థిరపడకపోవడం. మొత్తం 14 మార్కులే వచ్చినా ఆ చివరి ప్రశ్నకు అవునన్న మనిషిని 14 మార్కుల మనిషిగా చూడకూడదు.

కల్లు అడ్డం తిరిగేచోటు

తెలంగాణలో ఈ ప్రశ్నావళులన్నీ తడబడేది ఇక్కడే. చెట్టు నుంచి దింపిన కల్లు వేరు, దుకాణంలో సీసాల్లో అమ్మే కల్తీ కల్లు వేరు. రెండోదాంట్లో ఆల్‌ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుస్తున్నాయన్నది ఎక్సైజ్ దాడుల్లో మళ్లీ మళ్లీ బయటపడుతున్న సంగతి. అంటే తాగేవాడికి అలవాటైంది ఆల్కహాల్ కంటే ఎక్కువగా నిద్రమాత్రల మందు. ఆడిట్‌లో అతనికి తక్కువ మార్కులు రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన అసిస్ట్ అనే ఎనిమిది ప్రశ్నల ప్రశ్నావళిలో మత్తుమాత్రలకు వేరే వరుస ఉంది. అక్కడ "మాత్రలు వాడతారా?" అంటే నిజాయితీగానే "లేదు" అంటాడు.

2020 మార్చి ఆఖరున లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు బారులు తీరినవాళ్లలో చాలామంది ఇలాంటివాళ్లే. నిద్ర లేదు, వణుకు, తనలో తాను మాట్లాడుకోవడం, లేనివి కనబడటం, కొందరికి ఫిట్స్. అప్పటిదాకా ఏ జాబితాలోనూ లేని రోగులు కొద్దిరోజుల్లోనే కళ్లముందుకొచ్చారు.

అందుకే కల్లు అలవాటున్న ఊళ్లలో అడగాల్సిన ప్రశ్న ఎంత తాగుతారన్నది కాదు: "కల్లు దొరకని రోజు ఏమైతది?" నిద్ర పట్టదు, ఒళ్లు వణుకుతుంది, గాభరా అంటే అసలు సంగతి దొరికినట్టే. ఇలాంటి మనిషికి "రేపటి నుంచి మానెయ్యి" అని చెప్పి పంపడం ప్రమాదకరమైన సలహా. డైజిపాం లాంటి మందును డాక్టర్ పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పించాలి. కాలు విరిగి వార్డులో చేరిన కల్లు తాగే పెద్దాయన రెండోరోజో మూడోరోజో బట్టలు లాక్కుంటూ కేకలేస్తే "పిచ్చెక్కింది" అని మంచానికి కట్టేయడం ఇప్పటికీ కనబడే దృశ్యం. చేర్చుకునేటప్పుడే ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ముందే తెలిసేది.

సారా, విస్కీ వ్యసనంలోనూ ఇంతే. ఆపిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ మొదటి రెండురోజుల్లో రావచ్చు. మతిభ్రమ, జ్వరం, విపరీతమైన గుండెదడ కలిసి ప్రాణం మీదికి తెచ్చే దశ సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వస్తుంది. ఇదివరకు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లను, కాలేయం దెబ్బతిన్నవాళ్లను, ఇంట్లో తోడు లేనివాళ్లను ఇంటిదగ్గర మాన్పించే ప్రయత్నమే చేయకూడదు. ఇంకొకటి: నీరసంగా వచ్చిన తాగుబోతుకు ముందుగా గ్లూకోజు సెలైన్ ఎక్కించడం మన దగ్గర పాత అలవాటు. విటమిన్ బి1, అంటే థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు శాశ్వతంగా దెబ్బతినే స్థితి రావచ్చు. థయమిన్ ముందు గానీ, దానితో పాటు గానీ పడాలి. రక్తంలో షుగర్ పడిపోయి ఉంటే మాత్రం గ్లూకోజు ఆలస్యం చేయకూడదు.

దిగులును అడగడం

సీబ్యాక్ చివర్లో మానసిక ఆరోగ్యానికి పీహెచ్‌క్యూ-2 రెండు ప్రశ్నలు ఉన్నాయి. గత రెండు వారాల్లో చేసే పనుల మీద ఆసక్తి, ఆనందం లేకపోవడం ఎన్నాళ్లు ఉంది? దిగులు, ఏ ఆశా లేనట్టు అనిపించడం ఎన్నాళ్లు ఉంది? ఒక్కోదానికి 0 నుంచి 3. ఫారం ప్రకారం మొత్తం 3 దాటితే డాక్టర్ దగ్గరికి పంపాలి. ఈ ప్రశ్నల మీద జరిగిన అధ్యయనాల్లో మామూలుగా వాడే గీత 3, ఆపైన. తేడా చిన్నదిగా కనబడుతుంది గానీ, దాదాపు ప్రతిరోజూ దేనిమీదా మనసు పోని, అయినా ఏడుపు రాని మనిషికి సరిగ్గా 3 వస్తుంది. అతను ఫారం గీతకు ఇవతలే మిగిలిపోతాడు. మూడు వచ్చినవాళ్లను కూడా పైకి పంపమని మండల స్థాయిలో చెప్పుకుంటే నష్టమేమీ లేదు.

క్షేత్రంలో జవాబులు చెడిపోయేది "కొన్ని రోజులు", "సగానికి పైగా రోజులు", "దాదాపు ప్రతిరోజూ" అనే వరుస దగ్గర. "ఉంటది మేడం" అని ఒకే మాట వస్తుంది, ఆశా కార్యకర్త తనకు తోచిన గడిలో టిక్కు పెడుతుంది. రెండు వారాలను రెండు సంతలుగా చెప్పి, "పోయిన సంతకు ముందు సంత నుంచి ఇప్పటిదాకా, వారంలో ఎన్నిరోజులు అట్లుంది?" అని రోజుల లెక్క అడగాలి. దిగులు అన్న మాట అందని చోట రంది, బెంగ అనాలి. అవీ కుదరకపోతే "మనసు దేనిమీదా పోతలేదా అమ్మా?" అంటే చాలు.

పీహెచ్‌క్యూ-2లో గీత దాటితే పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నలు, 27 మార్కులు. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి కాస్త తీవ్రం, 20 నుంచి తీవ్రం. ఇందులో నిద్ర, నీరసం, ఆకలి గురించిన ప్రశ్నలూ ఉన్నాయి. రక్తహీనత ఉన్న బాలింతకు, టీబీ మందులు వాడుతున్నవాడికి, షుగర్ అదుపు తప్పినవాడికి ఈ మూడింటిలోనే ఎనిమిది తొమ్మిది మార్కులు పడిపోవచ్చు. మొదటి రెండు ప్రశ్నల్లో కనీసం ఒకదానికి "సగానికి పైగా రోజులు" రాకుండా మొత్తం మాత్రం 10 దాటితే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ చూడాలి.

తిరగేసిన కథ కూడా ఉంది. ఒళ్లంతా మంటలు, అరికాళ్ల తిమ్మిర్లు, తలబరువు, గుండెదడ, గ్యాస్ అంటూ ఏడాదిగా ఓపీల చుట్టూ తిరిగి, ఆర్ఎంపీ దగ్గర బలం ఇంజక్షన్లు వేయించుకుంటున్న యాభై ఏళ్ల ఆడమనిషికి ఎవరూ పీహెచ్‌క్యూ పెట్టరు. ఆమె అడుగుతున్నది నొప్పి మాత్ర కదా. పరీక్షలన్నీ సరిగ్గా ఉండి మూడోసారి అదే బాధతో వచ్చిన ప్రతి మనిషికీ ఆ రెండు ప్రశ్నలు అడగాలన్న నియమం ఒక్కటి పెట్టుకున్నా, ఊరంతా ఫారాలు నింపడం కంటే ఎక్కువ మంది దొరుకుతారని మా అభిప్రాయం.

అందరికీ స్క్రీనింగ్ చేయాలా అన్నదానిమీద నిపుణులూ ఒక్కమాట మీద లేరు. పెద్దవాళ్లందరికీ డిప్రెషన్ స్క్రీనింగ్ చేయమని, జబ్బుల నివారణ మీద సలహాలిచ్చే అమెరికా నిపుణుల బృందం (టాస్క్‌ఫోర్స్) 2016లో, మళ్లీ 2023లో చెప్పింది. కెనడా టాస్క్‌ఫోర్స్ 2013లో మామూలు ఓపీలో అందరికీ వద్దంది. కారణం అంకెల్లో ఉంది. పీహెచ్‌క్యూ-9లో 10ని గీతగా పెట్టుకుంటే జబ్బు ఉన్న వందమందిలో దాదాపు 85 మందిని పట్టుకుంటుంది, లేని వందమందిలో దాదాపు 85 మందిని వదిలేస్తుంది. వెయ్యిమందిలో 50 మందికి నిజంగా డిప్రెషన్ ఉందనుకుందాం. 42 మంది దొరుకుతారు. జబ్బు లేని 950 మందిలోంచి 142 మంది కూడా గీత దాటుతారు. అంటే గీత దాటినవాళ్లలో నిజంగా జబ్బు ఉన్నది నాలుగోవంతు కంటే తక్కువ మందికే. మార్కులు చూసి అందరికీ మందు చీటీ రాసేస్తే ఆ 142 మందీ అక్కర్లేని మాత్రలు మింగుతారు. మార్కుల తర్వాత మనిషితో మాట్లాడాలి. ఎప్పటి నుంచి, ఏం జరిగింది, ఇల్లు పని నడుస్తున్నాయా, ఇంతకుముందు ఎప్పుడైనా నిద్ర లేకున్నా అలసట లేకుండా, విపరీతమైన హుషారుతో డబ్బు విసిరేసిన రోజులున్నాయా? ఈ ఆఖరి ప్రశ్న మరిచిపోయి బైపోలార్ (దిగులూ విపరీతమైన హుషారూ మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే ఉన్మాదం లేచే ప్రమాదం ఉంది.

తొమ్మిదో ప్రశ్న

చచ్చిపోతే బాగుండును అన్న ఆలోచనలు వస్తున్నాయా? పీహెచ్‌క్యూ-9లో ఆఖరిది ఇదే. ఆశాలు, ఏఎన్‌ఎంలు ఎక్కువగా దాటేసే ప్రశ్న కూడా ఇదే. అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమోనన్న భయం. అలా జరగదని అధ్యయనాలు చెబుతున్నాయి, అడిగాక చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. దీనికి 1 వచ్చినా మొత్తం మార్కులతో సంబంధం లేకుండా ఆరోజే డాక్టర్ చూడాలి. ఆలోచన మాత్రమేనా, ఎలా అన్నది కూడా అనుకున్నారా, ఇంతకుముందు ప్రయత్నించారా, అందుకు కావలసింది ఇంట్లో చేతికందేలా ఉందా? వ్యవసాయ కుటుంబాల్లో పురుగుమందు డబ్బా సంగతి నేరుగా అడగాలి. మిగిలిన మందును ఇంట్లోంచి తీసేసి, తాళం వేసిన చోటో వేరేవాళ్ల దగ్గరో పెట్టే పని ఫలానా మనిషిదని పేరుతో సహా తేల్చుకున్నాకే ఇంటికి పంపాలి. మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఆలోచనకు తోడు పథకం కూడా ఉంటే ఇంటికి పంపే ప్రసక్తే లేదు, 108లో జిల్లా ఆసుపత్రికే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. ఫోను రోగి చేత అక్కడే కూర్చుని చేయిస్తే ఉపయోగం. కాగితం మీద రాసిచ్చిన నంబర్లు జేబులోనే ఉండిపోతాయి.

పోలీసు కేసవుతుందని నోరు విప్పనివాళ్లు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. అదే చట్టం 23వ సెక్షన్ రోగి సంగతులు గోప్యంగా ఉంచమంటుంది. గంజాయి లాంటి వాటికి అలవాటుపడి స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చినవాళ్లకు మత్తుమందుల నియంత్రణకున్న ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. ఈ మాట ముందే చెప్పి, పక్కనున్న భార్యనో కొడుకునో బయట కూర్చోబెట్టి అడిగితే జవాబులు మారతాయి. భార్య ఎదురుగా అడిగిన తాగుడు లెక్కను, భర్త ఎదురుగా అడిగిన దిగులు లెక్కను నమ్మొద్దు.

అవును అన్నాక

మద్యం విషయంలో పీహెచ్‌సీకి ఒక సౌకర్యం ఉంది: వ్యసనం దాకా పోనివాళ్లకు స్క్రీనింగ్ చేసిన బల్ల దగ్గరే చికిత్స కూడా అయిపోతుంది. ఐదు నుంచి పదిహేను నిమిషాల మాట. మార్కు ఎంతో చెప్పడం, అతని బాధతో ముడిపెట్టడం ("ఈ కడుపుమంటా బీపీ తగ్గకపోవడం ఆదివారం హాఫ్ వల్లనే అన్నా"), తాగడంలో బాగున్నదేమిటి, చెడ్డదేమిటి అతని నోటితోనే చెప్పించడం, వచ్చే వారానికి ఒక్క మార్పు అతనే ఎంచుకునేలా చేయడం. కూలి డబ్బులో ఇంత ముందే ఇంట్లో ఇచ్చిపోవడం, తిని వెళ్లడం, క్వార్టర్ దగ్గర ఆపడం, ఏదైనా సరే. తిట్టడం, ఒట్టు వేయించుకోవడం పనిచేయవు. ఒట్టు తప్పినవాడు మళ్లీ ఓపీ గడప తొక్కడు. గోవా పీహెచ్‌సీల్లో డాక్టర్లు కాని సలహాదారులు ఆడిట్ 12 నుంచి 19 మధ్య ఉన్న మగవాళ్లతో నాలుగు విడతల దాకా ఇలా మాట్లాడితే మూడు నెలలకు ప్రమాదకర తాగుడు నుంచి బయటపడ్డవాళ్లు 36 శాతం. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 26 శాతం. 2017లో వెలువడిన ఫలితం ఇది. మాయమంత్రం కాదు, అయినా ఒక కుర్చీ, ఒక సలహాదారు ఖర్చుకు వచ్చిన తేడా.

గంజాయి, ఇతర మత్తుమందుల దగ్గర ఈ ధీమా పనికిరాదు. అమెరికాలో 2014లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాల్లో ఓపీలో చెప్పిన క్లుప్త సలహా వాడకాన్ని తగ్గించలేదు. అంతకుముందు అసిస్ట్‌తో భారత్ సహా నాలుగు దేశాల్లో చేసినదాంట్లో కొంత తగ్గింది గానీ అమెరికా కేంద్రంలో మాత్రం తేడా కనబడలేదు. అసిస్ట్‌లో ఏ మత్తుమందుకైనా 27 మార్కులు, ఆపైన వస్తే సలహాతో సరిపెట్టకుండా డీఅడిక్షన్ కేంద్రానికి పంపాలి. 4 నుంచి 26 (మద్యానికి 11 నుంచి 26) అయితే మాట్లాడి మళ్లీ పిలవాలి. సూదితో ఎక్కించుకునేవాళ్లకు హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు మార్కులతో పనిలేకుండా చేయాలి.

డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటివారం వికారం, నిద్ర తేడా ఉండొచ్చని, మేలు ఆలస్యంగా కనబడుతుందని చెప్పకపోతే పదోరోజుకే మానేస్తారు. ఆ మధ్యలో నిద్రకోసం మెడికల్ షాపులో ఆల్‌ప్రజోలం కొనుక్కుంటే ఒక జబ్బుకు తోడు ఇంకోటి. నాలుగు నుంచి ఆరు వారాలకు పీహెచ్‌క్యూ-9 మళ్లీ పెట్టాలి. మార్కులు సగానికి తగ్గితే మందు పనిచేస్తున్నట్టు, 5 కంటే కిందికి వస్తే తేరుకున్నట్టు. తేరుకున్నాక కూడా కనీసం ఆరునెలలు కొనసాగించి, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలి.

పైకి పంపడం దగ్గరే గొలుసు ఎక్కువగా తెగుతుంది. పల్లె దవాఖానలోనో విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనో గీత దాటిన మనిషిని "జిల్లా ఆసుపత్రిలో మెంటల్ డాక్టర్ దగ్గరికి పో" అంటే కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది, ఊళ్లో పేరు పడుతుంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మద్యం వ్యసనం ఉన్న వందమందిలో 86 మందికి చికిత్స అందడం లేదు. పశ్చిమ గోదావరిలో, హర్యానాలో జరిగిన ఒక ప్రయత్నంలో ఆశాలు ట్యాబ్‌లో పీహెచ్‌క్యూ-9, ఆందోళనకు జీఏడీ-7 నింపితే ఆ వివరాలు నేరుగా పీహెచ్‌సీ డాక్టర్ తెరమీదికి చేరేవి. డాక్టర్ చూశాక ఎవరిని మళ్లీ కలవాలో ఆశాకు తిరిగి తెలిసేది. పంపిన మనిషి చేరాడో లేదో రెండువైపులా కనబడే ఏర్పాటు అది. ట్యాబ్ లేకపోయినా ఓపీ రిజిస్టర్‌లో మూడు గడులు గీసుకోవచ్చు: గీత దాటిన తేదీ, డాక్టర్ చూసిన తేదీ, మళ్లీ కొలిచిన తేదీతో పాటు మార్కు. నెలాఖరు సమీక్షలో స్క్రీనింగ్ ఎంతమందికి చేశారని అడగడంతో ఆగకుండా, మూడో గడి ఎన్ని పేర్లకు ఖాళీగా ఉందో చూసి ఆ పేర్లను ఆశాల చేతికివ్వాలి.